పక్షులకు తెర ఇచ్చిన నటుడు



సినిమా హీరో అనగానే మనకు ఏం గుర్తొస్తుంది? పాటలు గుర్తొస్తాయి. ఫైటింగులు గుర్తొస్తాయి. గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు గుర్తొస్తాయి. తెర మీద తన ముఖం ఎంత పెద్దగా కనపడితే హీరోకి అంత సంతోషం.

ఇవాళ మనం చెప్పుకునే మనిషి కూడా సినిమా హీరోనే. అందగాడు. పేరున్నవాడు. కానీ ఒక వయసు వచ్చాక ఆయన తెర మీద తన ముఖం తగ్గించుకున్నాడు. ఆ చోటు చీమకు ఇచ్చాడు. నత్తకు ఇచ్చాడు. అడవి బాతుకు ఇచ్చాడు. తిమింగలానికి ఇచ్చాడు. దానికోసం డబ్బు ఖర్చు పెట్టాడు. ఏళ్ళు ఖర్చు పెట్టాడు.

ఎందుకు అట్లా చేశాడు? దానివల్ల ఏం ఒరిగింది? ఆ సంగతి తెలుసుకుందాం.

అమ్మ ఇంటిపేరు

ఆయన పేరు జాక్ పెరిన్. ఫ్రాన్సు దేశం. పారిస్ నగరంలో 1941 జూలై 13న పుట్టాడు. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. పారిస్ నగరం జర్మనీ సైన్యం చేతిలో ఉంది.

ఆయన తండ్రి నాటకశాలలో పనిచేసేవాడు. తెర వెనక ఏర్పాట్లు చూసేవాడు. తల్లి నాటకాల్లో వేషాలు వేసేది. తండ్రి ఇంటిపేరు సిమోనె. తల్లి ఇంటిపేరు పెరిన్. కొడుకు నటుడయ్యాక తల్లి ఇంటిపేరే పెట్టుకున్నాడు. లోకమంతా ఆయన్ని ఆ పేరుతోనే పిలిచింది. తల్లి ఇంటిపేరు ప్రపంచమంతా తిరిగింది.

జాక్ పారిస్‌లో నటన నేర్పే పెద్ద బడిలో చదువుకున్నాడు. 1961లో ఇటలీ దేశం వాళ్ళు తీసిన ఒక సినిమాలో నటించాడు. దాని పేరు ‘సూట్‌కేసు పట్టుకున్న అమ్మాయి’. మోసపోయి దిక్కులేకుండా తిరిగే ఒక పాటగత్తె కథ అది. ఆమెకు సాయపడే కుర్రవాడి వేషం జాక్ వేశాడు. ఆ సినిమాతో ఆయనకు పేరొచ్చింది.

ఇటలీలో వెనిస్ అనే నగరం ఉంది. అక్కడ ఏటా సినిమాల పండుగ జరుగుతుంది. 1966లో అక్కడ జాక్ పెరిన్‌కి ఉత్తమ నటుడు బహుమతి ఇచ్చారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు. 1970లో ‘గాడిద తోలు’ అనే సినిమాలో రాజకుమారుడి వేషం వేశాడు. గాడిద తోలు కప్పుకుని దాక్కున్న రాజకుమార్తె కథ అది. పేదరాసి పెద్దమ్మ కథ లాంటిది.

అట్లాగే హాయిగా వేషాలు వేసుకుంటూ ఉండవచ్చు. పేరుంది. డబ్బుంది. కానీ ఆయన ఊరుకోలేదు.

ఎవరూ తీయని సినిమాలు

సినిమాకి నిర్మాత అని ఒకడుంటాడు. సినిమా తీయడానికి డబ్బు సమకూర్చేది అతనే. సినిమా ఆడితే లాభం. ఆడకపోతే నష్టం. నటుడికి మాట్లాడుకున్న డబ్బు వస్తుంది. నిర్మాతకు మాత్రం ఏం మిగులుతుందో చివరిదాకా తెలియదు.

జాక్ పెరిన్ 27 ఏళ్ళ వయసులో నిర్మాత అయ్యాడు. మొదట పట్టుకున్నదే కష్టమైన పని.

గ్రీసు అనే దేశంలో 1963లో ఒక ప్రజా నాయకుణ్ణి చంపేశారు. ఆయన యుద్ధాలు వద్దని చెప్పిన మనిషి. అది ప్రమాదం అని అధికారులు బుకాయించారు. తర్వాత 1967లో గ్రీసులో సైన్యం అధికారం లాక్కుంది. ఈ కథను సినిమా తీయాలని కోస్టా గవ్రాస్ అనే దర్శకుడు అనుకున్నాడు. కానీ డబ్బు పెట్టేవాళ్ళు దొరకలేదు. రాజకీయాల గొడవ మనకెందుకు అన్నారు.

జాక్ పెరిన్ ముందుకొచ్చాడు. గ్రీసులో తీయడం కుదరదు. అందుకని సముద్రం ఇవతల అల్జీరియా దేశంలో తీశారు. సినిమా పేరు ‘జడ్’. ఒక్క అక్షరమే పేరు! గ్రీకు భాషలో ఆ అక్షరానికి ‘అతను బతికే ఉన్నాడు’ అని అర్థం చెప్పుకున్నారు. 1969లో ఆ సినిమా వచ్చింది. దానికి రెండు ఆస్కార్ బహుమతులు వచ్చాయి.

అయితే ప్రతిసారీ గెలుపు రాదు కదా! 1976లో ఆయన ‘తార్తారుల ఎడారి’ అనే సినిమా తీయించాడు. ఎడారిలో ఒక కోట. ఆ కోటలో సైనికులు శత్రువు కోసం కాచుకుని ఉంటారు. ఏళ్ళు గడిచిపోతాయి. జుట్టు నెరిసిపోతుంది. ఇరాన్ దేశంలో బామ్ అనే మట్టికోట దగ్గర ఈ సినిమా తీశారు. సినిమాను మెచ్చుకున్నారు. కానీ పెట్టిన డబ్బు తిరిగి రాలేదు. అప్పులు మిగిలాయి. ఆ అప్పులు తీరడానికి ఏళ్ళు పట్టింది. అప్పు భారం ఎట్లా ఉంటుందో మీకు వేరే చెప్పక్కరలేదు.

అప్పుల పాలైనవాడు ఏం చేయాలి? భయపడి పాటల సినిమాలు తీసుకోవాలి. జాక్ పెరిన్ అట్లా చేయలేదు. ఇంకా వింతైన దారి పట్టాడు.

గడ్డిలో ఉన్న లోకం

1989లో ఆయన కోతుల గురించి ఒక సినిమా తీయించాడు. అందులో కట్టుకథ లేదు. కోతులు ఎట్లా బతుకుతాయో అట్లాగే చూపించారు. ఉన్నది ఉన్నట్టు చూపించే ఇట్లాంటి సినిమాను డాక్యుమెంటరీ అంటారు.

తర్వాత ఇద్దరు ఆలుమగలు ఆయనకు తోడయ్యారు. భర్త పేరు క్లోద్. భార్య పేరు మరీ. ఇద్దరూ జీవశాస్త్రం చదువుకున్నవాళ్ళే. పురుగుల గురించి ఎన్నో ఏళ్ళు పరిశోధన చేశారు. ఆ పురుగుల మీద సినిమా తీద్దామన్నారు. పెద్ద తెర మీద వేద్దామన్నారు. టికెట్టు కొని జనం చూస్తారన్నారు!

డబ్బు పెట్టే మనిషి ఎవరైనా నవ్వి పంపించేస్తాడు. జాక్ పెరిన్ సరే అన్నాడు.

ఆ సినిమా పేరు ‘మైక్రోకాస్మోస్’. అంటే చిన్న లోకం అని అర్థం. ఫ్రాన్సులో ఒక పల్లెలో గడ్డిమైదానం చూసుకున్నారు. చిన్న పురుగును పెద్దగా చూపించే కెమెరాలు కావాలి. వాటిని తయారు చేసుకోవడానికే రెండేళ్ళు పట్టింది. సినిమా తీయడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. తీరా చూస్తే సినిమా గంటా పావు సేపు మాత్రమే!

అందులో ఏముంది? ఒక పేడపురుగు ఉంది. తనకంటే పెద్దదైన పేడ ఉండను దొర్లించుకుంటూ పోతుంది. ఉండ ఒక ముల్లుకు గుచ్చుకుంటుంది. పురుగు తోస్తుంది. కదలదు. చుట్టూ తిరుగుతుంది. మళ్ళీ తోస్తుంది. చివరికి విడిపించుకుని పోతుంది. చూసేవాళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తారు. పేడపురుగు గెలిస్తే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది.

గొంగళిపురుగులు ఒకదాని వెనక ఒకటి బారులు తీరి నడుస్తాయి. రెండు నత్తలు ఒకదాన్నొకటి హత్తుకుంటాయి. వానచినుకు పడితే అది పురుగుకు బండరాయి పడ్డట్టు ఉంటుంది. పెద్ద పక్షి ఒకటి వచ్చి చీమలను ఏరుకు తింటుంది. చీమల వైపు నుంచి చూస్తే ఆ పక్షి రాక్షసిలాగా కనిపిస్తుంది. నీళ్ళలోంచి దోమ పైకి లేస్తుంది. అది దోమ అని తెలియకముందు దేవకన్యలాగా ఉంటుంది.

ఈ సినిమాలో మాటలు లేనట్టే లెక్క. ఎవరూ పాఠం చెప్పరు. ఇది మంచి పురుగు, ఇది చెడ్డ పురుగు అని చెప్పరు. చూడమంటారు, అంతే.

ఒక్కమాట ఆలోచించండి. అక్షరాలు రాకముందు పలక మీద ఏం కనిపించింది? గీతలు కనిపించాయి. అక్షరాలు వచ్చాక ఆ గీతల్లోనే మాట కనిపించింది. గీతలు మారలేదు. చూసే చూపు మారింది. గడ్డి సంగతీ అంతే. చూడటం వచ్చినవాళ్ళకు అందులో ఒక ఊరు కనిపిస్తుంది.

1996లో ఈ సినిమా వచ్చింది. ఫ్రాన్సులో లక్షల మంది టికెట్టు కొని చూశారు. సెజార్ అనేవి ఫ్రాన్సు దేశపు పెద్ద సినిమా బహుమతులు. ఈ పురుగుల సినిమాకు అయిదు సెజార్‌లు వచ్చాయి.

బాతుపిల్లకు తల్లి ఎవరు?

ఆ తర్వాత జాక్ పెరిన్ ఆకాశం వైపు చూశాడు.

చలికాలం రాగానే లక్షల పక్షులు దేశాలు దాటి పోతాయి. చలి ఉన్న చోటు వదిలి వెచ్చని చోటికి పోతాయి. ఎండలు రాగానే తిరిగి పుట్టిన చోటికి పోతాయి. వీటిని వలస పక్షులు అంటారు. ఆర్కిటిక్ టెర్న్ అని ఒక చిన్న పక్షి ఉంది. దాని బరువు సుమారు నూరు గ్రాములు. అది భూమి ఉత్తర కొస నుంచి దక్షిణ కొసకు పోయి మళ్ళీ తిరిగి వస్తుంది. ఏడాదికి సుమారు 70,000 కిలోమీటర్లు ఎగురుతుంది.

ఈ పక్షులను కింద నుంచి చూడటం కాదు, వాటి పక్కనే ఎగురుతూ చూడాలి అనుకున్నాడు జాక్ పెరిన్. మరి మనిషి దగ్గరికి పోతే పక్షి బెదరదా?

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. మన ఊళ్ళలో బాతు గుడ్లను కోడి కింద పెట్టి పొదిగిస్తారు. పిల్లలు బయటికొస్తాయి. కోడినే తల్లి అనుకుంటాయి. దాని వెంటే తిరుగుతాయి. నీటికుంట కనపడితే మాత్రం బాతుపిల్లలు బుడుంగున దిగిపోతాయి. పాపం, కోడి గట్టు మీద నిలబడి అరుస్తుంది. ఇది మీలో చాలామంది చూసే ఉంటారు.

గుడ్డులోంచి వచ్చాక మొట్టమొదట ఏది కదులుతూ కనిపిస్తే అదే తల్లి అనుకుంటుంది బాతుపిల్ల. ఆస్ట్రియా దేశంలో కాన్రాడ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త దీన్ని బాగా పరిశీలించాడు. బాతుపిల్లలు ఆయన వెనకే నడిచేవి. ఆయనకు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది.

జాక్ పెరిన్ మనుషులు ఇదే దారి పట్టారు. ఫ్రాన్సులో నార్మండీ అనే చోట పక్షులను పెంచారు. వందల కొద్దీ గుడ్లు పొదిగించారు. గుడ్డులో ఉన్నప్పుడే పిల్లలకు మనుషుల గొంతు వినిపించారు. విమానం ఇంజను చప్పుడు వినిపించారు. పిల్లలు బయటికి రాగానే ఎదురుగా పెంచే మనిషి ఉన్నాడు. ఆ మనిషే తల్లి.

తల్లి పని తేలికా? మీకు తెలియంది కాదు. పెంచేవాళ్ళు పిల్లల్ని వదిలి ఉండకూడదు. నడిస్తే వెంట నడుస్తాయి. పరుగెత్తితే వెంట పరుగెత్తుతాయి. రెక్కలు వచ్చాక తల్లి ఎగరాలి కదా! అందుకు చిన్న చిన్న విమానాలు తెచ్చారు. అవి ఒకరో ఇద్దరో కూర్చునేవి. చుట్టూ గోడలుండవు. వాటిలో పెంచిన మనిషి కూర్చుని పిలుస్తాడు. పక్షులు వచ్చి పక్కన చేరతాయి. చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఎగురుతాయి. ఇంకోపక్క కెమెరా తిరుగుతుంది.

ఇట్లా మూడేళ్ళకు పైగా సినిమా తీశారు. సుమారు 40 దేశాలు తిరిగారు. 450 మందికి పైగా పనిచేశారు. ఎడారుల మీద, సముద్రాల మీద, పారిస్ నగరం మీద పక్షులతో పాటు ఎగిరారు. హిమాలయాల్లో కూడా తీశారు. తల మీద రెండు నల్లచారలున్న అడవి బాతులు ఈ సినిమాలో కనిపిస్తాయి. ఆ జాతి బాతులు ఏటా హిమాలయాలు దాటి చలికాలానికి మన దేశం వస్తాయి.

2001లో ఆ సినిమా వచ్చింది. ఫ్రెంచి భాషలో దాని పేరుకు ‘వలసపోయే జనం’ అని అర్థం. పక్షులను ‘జనం’ అన్నారు చూశారా! అందులో అందం మాత్రమే లేదు. తుపాకి దెబ్బ తగిలి పక్షి కూలిపోతుంది. ఫ్యాక్టరీ బురదలో బాతు ఇరుక్కుంటుంది. కాలికి వల చుట్టుకున్న బాతును ఒక పిల్లవాడు విడిపిస్తాడు. వేల మైళ్ళు ఎగిరి వచ్చే పక్షికి దారిలో మనిషే మేలు. మనిషే కీడు.

సముద్రం, సొరచేప, ఒక ప్రశ్న

2004లో జాక్ పెరిన్ ఇంకో సినిమా నిర్మించాడు. అల్లరి పిల్లలున్న హాస్టలుకు ఒక మాస్టారు వస్తాడు. కొట్టడం మానేసి పాట నేర్పుతాడు. పిల్లలు మారతారు. ఫ్రాన్సులో 80 లక్షల మందికి పైగా ఈ సినిమా చూశారు. వయసు మళ్ళిన పాత్రలో జాక్ పెరిన్ కాసేపు కనిపిస్తాడు. ఆయన కొడుకు బుడతడి వేషం వేశాడు.

అంత గెలుపు వచ్చాక ఆయన సముద్రంలోకి దిగాడు. జాక్ క్లూజో అనే దర్శకుడితో కలిసి ‘సముద్రాలు’ అనే సినిమా తీశాడు. నాలుగేళ్ళు తీశారు. సుమారు అయిదు కోట్ల యూరోల ఖర్చు. యూరో అంటే ఐరోపా దేశాల డబ్బు. డాక్యుమెంటరీకి అంత డబ్బు పెట్టడం చాలా అరుదు. 2010 జనవరిలో ఫ్రాన్సులో ఈ సినిమా విడుదలైంది.

అందులో ఒక దృశ్యం ఉంది. సొరచేపను పడతారు. రెక్కలు కోసుకుంటారు. మిగతా శరీరాన్ని ప్రాణం ఉండగానే సముద్రంలో పడేస్తారు. అది ఈదలేక అడుక్కి పోతుంది. చూసేవాళ్ళ కడుపు తరుక్కుపోతుంది. నిజంగానే లోకంలో సొరచేపలను ఇట్లా చంపుతున్నారు. రెక్కల సూపుకు గిరాకీ ఉంది. కానీ సినిమాలో కనిపించిన ఆ సొరచేప నిజమైనది కాదు. అది యంత్రంతో చేసిన బొమ్మ. సినిమా కోసం ఏ ప్రాణినీ చంపకూడదని బొమ్మ చేయించారు.

దీని మీద వాదన వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చూపిస్తామని చెప్పి బొమ్మను చూపించవచ్చా అని కొందరు అడిగారు. పక్షుల సినిమా గురించి కూడా అడిగారు. చేతుల మీద పెంచిన పక్షి అడవి పక్షి అవుతుందా అన్నారు. అడగవలసిన ప్రశ్నే. రెండో మాట కూడా ఉంది. బొమ్మ లేకపోతే ఒక సొరచేప చావాలి. పెంచకపోతే పక్షి పక్కన ఎగరడం ఎవరికీ సాధ్యం కాదు. ఏది న్యాయమో మీరు మాట్లాడుకోండి. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోవాలి. తెర మీద ఏది కనిపించినా, ‘దీన్ని ఎట్లా తీశారు?’ అని అడగడం మంచి అలవాటు. టీవీ చూసినా, పేపరు చదివినా ఆ ప్రశ్న అడగవచ్చు.

చివరిదాకా అదే పని

పెద్దవయసులోనూ ఆయన ఊరుకోలేదు. 2015లో జాక్ క్లూజోతో కలిసి ‘ఋతువులు’ అనే సినిమా పూర్తి చేశాడు. మంచుయుగం పోయాక ఐరోపాలో అడవులు ఎట్లా పెరిగాయి, మనిషి వ్యవసాయం మొదలుపెట్టాక అవి ఎట్లా తగ్గాయి అని అందులో చూపించారు. తోడేళ్ళు, ఎలుగుబంట్లు, దుప్పులు అందులో పాత్రలు.

2022 ఏప్రిల్ 21న జాక్ పెరిన్ పారిస్‌లో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 80 ఏళ్ళు.

ఆయన సినిమాల వల్ల సొరచేపల వేట ఆగిపోయిందా? ఆగలేదు. పక్షులు తగ్గడం ఆగిందా? ఆగలేదు. ఒక్క సినిమాతో లోకం మారదు. కానీ గడ్డిలో నడిచేటప్పుడు కాలు చూసి వేసే మనుషులు కొందరు పెరిగారు. పక్షి ఎగిరితే ‘ఇది ఎక్కడి నుంచి వచ్చిందో’ అని అడిగే పిల్లలు పెరిగారు. చూసినదాని మీదే ప్రేమ పుడుతుంది. చూడనిది పోయినా మనకు తెలియదు.

పక్షులను చూడటానికి ఫ్రాన్సు దాకా పోనక్కరలేదు. సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టు అనే ఊరుంది. అక్కడి చెరువులో చెట్ల మీద గూడబాతులు ఏటా గూళ్ళు కట్టుకుంటాయి. వాటి రెట్టలు నీళ్ళలో పడతాయి. ఆ నీరు పొలానికి బలం అని ఊరివాళ్ళు చెబుతారు. పక్కనే పులికాట్ సరస్సుకు చలికాలంలో ఫ్లెమింగోలు గుంపులుగా వస్తాయి. ఆ సరస్సు ఒడ్డున సినిమా కెమెరా లేకపోయినా సరే, మన కళ్ళున్నాయి.

ఇప్పుడు అందరూ కలిసి మాట్లాడుకోండి:

మీ ఊరి చెరువుకు ఏ పక్షులు వస్తాయి? ఏ నెలలో వస్తాయి? ఏ నెలలో పోతాయి?

మీ చిన్నప్పుడు కనిపించి ఇప్పుడు కనిపించని పక్షి ఏది? పురుగు ఏది? ఎందుకు పోయింది?

వాటి పేర్లు మీరే పలక మీద రాయండి. మీకు వచ్చిన పేరే రాయండి. పక్కన నెల పేరు కూడా రాయండి. వచ్చే ఏడాది అదే నెలలో చెరువు గట్టు మీదికి పోయి, అవి వచ్చాయో లేదో చూడండి.